పిల్లల రక్షణ చట్టాల్లో ఏం మారాలి? దగ్గరగా చూసినవాళ్లు చెప్పండి

బడిగంట:
అందరికీ నమస్కారం. నేను టీచర్‌ని. మా క్లాసు పాప ఒకరోజు ఇంట్లో జరుగుతున్నది నాకు చెప్పింది. వివరాలు అడగొద్దు, చెప్పను, చట్టం ప్రకారం చెప్పకూడదు కూడా. ఫిర్యాదు చేయడం నా బాధ్యతని తెలుసు, చేశాను, దానికి బాధ లేదు. తర్వాత జరిగిందే మింగుడు పడట్లేదు. నాకు చెప్పింది, హెడ్మాస్టర్‌కి చెప్పింది, ఆ తర్వాత హెల్ప్‌లైన్ నుంచి వచ్చినావిడకి, పోలీసులకి, డాక్టర్‌కి, శిశు సంక్షేమ కమిటీకి, మేజిస్ట్రేట్‌కి. ఆఖర్లో "నాకేం గుర్తు లేదు" అనేసింది. గుర్తు లేక కాదండీ, విసిగిపోయింది. ఇప్పుడు అవతలి లాయర్ ఆ ముక్క పట్టుకుని పిల్ల మాట మార్చింది అంటున్నాడు. చట్టాలు మారాలి మారాలి అంటాం కదా, అసలు ఏది మారిస్తే ఇది ఆగుతుంది?

కోర్టుపక్షి:
మేడమ్, మీరడిగేది చాలావరకు చట్టంలో ఇప్పటికే ఉంది. 2012 పోక్సో చట్టం, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, తీయండి. 24వ సెక్షన్: వాంగ్మూలం పిల్లల ఇంట్లోనో వాళ్లకి నచ్చిన చోటో తీసుకోవాలి, ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి, యూనిఫాంలో ఉండకూడదు. 33: పిల్లల్ని పదేపదే కోర్టుకి పిలవకూడదు. 35: కోర్టు కేసు చేపట్టిన 30 రోజుల్లో పిల్లల సాక్ష్యం, ఏడాదిలో విచారణ పూర్తి. అయితే మహిళా అధికారి దగ్గరా, ఏడాది గడువు దగ్గరా "వీలైనంత వరకు" అని ఒక మాట తగిలించారు. నేను చూసిన కేసుల్ని నడిపింది ఆ మాటే. లేడీ ఎస్సై సెలవులో ఉంటారు, ప్రభుత్వ లాయర్ మారతాడు, అవతలివాళ్లు వాయిదా అడుగుతారు. ఎవరూ చట్టం మీరినట్టు కాదు, పిల్ల మాత్రం మూడేళ్లు తిరుగుతుంది. 30 రోజులు దాటితే కారణం రాయాలని కూడా ఉంది. రాస్తారు, "పని ఒత్తిడి" అని! కొత్త సెక్షన్ కంటే ముందు ఆ "వీలైనంత"కి ఎవరో ఒకరు జవాబు చెప్పుకోవాల్సిన పరిస్థితి రావాలి.

ఉత్తరగాలి:
నేను వేరే దేశంలో పిల్లల సేవల్లో పనిచేస్తాను. టీచర్ గారు చెప్పిన బాధకే ఐస్లాండ్ 1998లో బార్నహూస్ అని మొదలుపెట్టింది, అంటే పిల్లల ఇల్లు. శిక్షణ ఉన్న ఒక్క మనిషే పిల్లలతో మాట్లాడతారు. పోలీసు, ప్రాసిక్యూటర్, నిందితుడి లాయర్, సంక్షేమ శాఖవాళ్లు వేరే గదిలో తెర మీద చూస్తారు, అడగాల్సింది ఉంటే ఆ మనిషి ద్వారానే. ఆ రికార్డింగ్ కోర్టుకి వెళ్తుంది. డాక్టరు పరీక్ష కూడా అక్కడే. స్వీడన్, నార్వే కూడా ఇదే దారి పట్టాయి.

కోర్టుపక్షి:
బాగుంది గానీ మన దగ్గర క్రాస్ ఎగ్జామినేషన్ హక్కు, అంటే అవతలి లాయర్ సాక్షిని ప్రశ్నించే హక్కు, అంటూ లేస్తారు.

ఉత్తరగాలి:
అక్కడా ఉంది సార్ ఆ హక్కు. అందుకే కదా ఆ లాయర్‌ని కూడా కూర్చోబెట్టింది.

మాజీఫీల్డు:
నేను పన్నెండేళ్లు పిల్లల కేసులు చూసే కేస్ వర్కర్‌గా చేసి మానేశాను. కొత్త పద్ధతి అనగానే నాకు భయం, ఎందుకంటే ప్రతి సంస్కరణా మా దగ్గరికి ఒక ఫారంగా వచ్చేది. బ్రిటన్‌లో 2000లో విక్టోరియా క్లింబీ అనే ఎనిమిదేళ్ల పాప చిత్రహింసలతో చనిపోయింది. ఆస్పత్రులు, పోలీసులు, సోషల్ వర్కర్లు అందరూ ఎక్కడో ఒకచోట చూసిన పిల్లే. విచారణ నివేదిక 2003లో 108 సిఫార్సులు చేసింది, 2004లో కొత్త చట్టం వచ్చింది. తర్వాత 2011లో ఐలీన్ మన్రో అనే ప్రొఫెసర్ ప్రభుత్వం కోరితేనే సమీక్ష చేసి ఏం చెప్పారు? నిబంధనలు, కాగితాలు మితిమీరాయి, వర్కర్లని పిల్లల దగ్గర గడపనివ్వండి అని. మా సంగతీ అంతే. ఇంటికెళ్లి పిల్లాడితో కూర్చునేది పావుగంట, దాన్ని ఫారాల్లో ఎక్కించడానికి ఒక పూట. ఒక బాబు నన్ను "మీరు మళ్లీ వస్తారా, ఇంకొకరొస్తారా" అని అడిగాడు. వస్తానన్నాను. ఆ నెలలోనే బదిలీ అయింది.

మందులచీటీ:
డాక్టర్‌ని. తప్పనిసరి ఫిర్యాదు మీద ఎవరూ మాట్లాడలేదేం? పదహారు, పదిహేడేళ్ల అమ్మాయిలు తమ ఇష్టంతోనే ఉన్న సంబంధంలో గర్భం వచ్చి వస్తారు. పద్దెనిమిది నిండలేదు కాబట్టి చట్టానికి అదీ నేరమే, తెలిసీ పోలీసులకి చెప్పకపోతే నాకు ఆరు నెలల వరకు జైలు. చెప్తానని తెలిస్తే వాళ్లు ఆస్పత్రి గడపే తొక్కరు, నాటు వైద్యానికి పోతారు. ఇది పెద్ద చర్చ, ఇక్కడ తేలదు, కానీ నాకు నిద్ర పట్టనిది ఇదే.

పద్దెనిమిదినిండాక:
నేను పిల్లల హోంలో పెరిగాను. మీరంతా కేసు గురించి మాట్లాడుతున్నారు, కేసు తర్వాత పిల్లలు ఉండేది ఎక్కడో కూడా చూడండి. సంస్థలో పెట్టడం ఆఖరి మార్గమే అని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం అంటుంది, పెంపక కుటుంబాలకీ చోటుంది. నాకైతే ఆ మాట ఎవరూ చెప్పలేదు, హోమే మొదటిదీ ఆఖరిదీ. రుమేనియాలో అనాథ శరణాలయాల పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించారు, రెండేళ్ల లోపే పెంపక కుటుంబానికి వెళ్లినవాళ్లు బాగా కోలుకున్నారట. చదివి ఆ రోజంతా ఏమీ చేయలేకపోయాను. ఇంకో సంగతి, మాకు పుట్టినరోజంటే భయం. పద్దెనిమిదో ఏడు నిండితే బయటికి. ఇరవై ఒకటి దాకా ఆఫ్టర్‌కేర్, అంటే హోం వదిలాక ఆసరా, ఇవ్వొచ్చని చట్టంలో ఉందని నాకు ఇరవై మూడేళ్లకి తెలిసింది.

బడిగంట:
అందరికీ థాంక్సండీ. బాబూ, నీ మాట చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. కోర్టుపక్షి గారూ, ఇప్పుడు నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

కోర్టుపక్షి:
ఉంది. 2020 పోక్సో నియమాల్లో సపోర్ట్ పర్సన్ అని ఉంటుంది, మొదటి నుంచి చివరిదాకా పిల్లతో ఒకే మనిషి. పెట్టారో లేదో కమిటీని రాతపూర్వకంగా అడగండి. మళ్లీ ఎవరైనా పిల్ల మీ దగ్గరికొస్తే తన మాటల్ని తను చెప్పినట్టే ఒక్కసారి రాసి, తేదీ వేసి ఇచ్చేయండి. హెడ్మాస్టర్ ముందు మళ్లీ చెప్పించకండి.

బడిగంట:
ఆ ఒక్కటీ నా తప్పే. సోమవారం కమిటీకి వెళ్తున్నాను, ఏమన్నారో ఇక్కడే రాస్తాను.