పిల్లలున్న ఇంట్లో తాతల నాటి తుపాకీ: ఉంచాలా, అప్పగించాలా?

చెనిక్కాయల రైతు:
మాది మదనపల్లి దగ్గర పల్లె. చేలో పందుల కాపలాకని తాత లైసెన్స్ మీద సింగిల్ బ్యారెల్ తుపాకీ కొన్నాడు. చిన్నప్పుడు మంచె మీద నాయన పక్కన పడుకున్న రాత్రులు ఇప్పటికీ గుర్తే. తుపాకీ తుడిచేటప్పుడు గుడ్డా నూనే అందించేది నేనే. ఎన్నికల కోడ్ వస్తే ఇద్దరం స్టేషన్‌కు పోయి అప్పగించి రసీదు తెచ్చుకునేవాళ్లం. తూటాలు మాత్రం అవ్వ ట్రంకుపెట్టెలో, తాళంచెవి ఆమె కొంగుకు. ఇప్పుడు నాయనకు చూపు తగ్గింది, లైసెన్స్ నా పేరు మీదికి మార్చుకోమంటున్నాడు. మా పెద్దోడికి పదేళ్లు. నా భార్య ససేమిరా అంటోంది. ఏం చేయమంటారు?

పొద్దుటూరు లాయరు:
లైసెన్స్ ఉంటే పందిని కాల్చొచ్చనుకుంటున్నారా? 2022 సవరణ తర్వాత అడవి పంది వన్యప్రాణి చట్టం రెండో షెడ్యూల్‌లో, అంటే రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. పంట నాశనం చేస్తున్నా సరే, అనుమతి లేకుండా చంపితే కేసు. ఇక మిగిలేది గాల్లోకి పేల్చి తరమడమే. దానికి టపాసులు చాలవా?

మడికేరి మామ:
తమ్ముడూ, నేను కర్ణాటకలోని కొడగులో పదేళ్లు ఉద్యోగం చేశాను. అక్కడి కొడవ జనం ఇళ్లలో మగబిడ్డ పుడితే ఒకసారి, మనిషి పోతే రెండుసార్లు తుపాకీ పేలుస్తారు. సెప్టెంబర్‌లో కైల్ పోద్ అనే ఆయుధాల పండగకు దాన్ని పూజలో పెడతారు. లైసెన్స్ అక్కర్లేకుండా వాళ్లకిచ్చిన మినహాయింపును కేంద్రం 2029 దాకా పొడిగించింది, 2021లో కర్ణాటక హైకోర్టు కూడా సమర్థించింది. అక్కడి పిల్లలకు తుపాకీ వింత కాదు. మీరు దాచిపెడితేనే మీవాడికి ఆత్రం పుడుతుంది. చూపించి, భయం చెప్పండి.

పీలేరు ఆడపడుచు:
మామగారూ, పండగ, పూజ, ఊరంతా ఒకటే కట్టుబాటు... అది కొడగు. మా పల్లెల్లో తుపాకీ మంచం కింద గోనెసంచిలో ఉంటుంది. మా చిన్నాన్న ముప్పై ఏళ్లు వాడినవాడు. తూటా తీసేశాననుకుని తుడుస్తుంటే పేలి, పక్కన కూర్చున్న మా తమ్ముడికి రెండు వేళ్లు పోయాయి. నేర్పలేదని కాదు, తమ్ముడికి అన్నీ చెప్పే ఉన్నారు. వాడేం తప్పు చేశాడు? గుడ్డ అందిస్తున్నాడంతే, మీలాగే అన్నా.

మడికేరి మామ:
నిజమే తల్లీ. పిల్లలకు చెప్పడం గురించే ఆలోచించాను, పెద్దవాళ్ల సంగతి తట్టలేదు. అయినా తుపాకీ, తూటాలు వేరువేరు గదుల్లో పెట్టి...

చెనిక్కాయల రైతు:
నిన్న ట్రంకుపెట్టె తీశాను. 2017లో కొన్న పది తూటాల్లో ఎనిమిది అలాగే ఉన్నాయి. ఆ రెండూ కూడా గాల్లోకే. ఇప్పుడు పందులకు చేను చుట్టూ పాత చీరలు కడుతున్నాం. ఇచ్చేయాలంటే స్టేషన్‌లోనే ఇవ్వాలా?

పొద్దుటూరు లాయరు:
స్టేషన్‌లో ఇవ్వొచ్చు, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరైనా డిపాజిట్ చేయొచ్చు. రసీదు మాత్రం మర్చిపోవద్దు. నాయన్ను కూడా తీసుకెళ్లండి, లైసెన్స్ ఆయన పేరు మీదే కదా.