సొంత కరెన్సీ వదిలేసి యూరోలో చేరడం చిన్న దేశాలకు మంచిదేనా?

సోఫియాలో సీమోడు:

2026 జనవరి 1 నుంచి బల్గేరియాలో సొంత కరెన్సీ లెవ్ పోయి యూరో వచ్చింది. యూరో వాడే దేశాల్లో ఇది 21వది. నేను రాజధాని సోఫియాలో ఆరేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను, మా ఆఫీసులో ఈ విషయం మీద పోయినేడాదంతా వాదనలే. యూరో వద్దని ఊరేగింపులు కూడా జరిగాయి ఇక్కడ. మార్పిడి రేటు ఒక యూరోకి 1.95583 లెవ్‌లు. దుకాణాల వాళ్లు ధరలు పెంచేయకుండా 2025 ఆగస్టు నుంచే ప్రతి వస్తువు మీదా లెవ్‌ల్లో, యూరోల్లో రెండు ధరలూ వేయాలని చట్టం చేశారు. అయినా మా వీధి చివర కూరగాయలమ్మే పెద్దావిడకు మాత్రం భయం పోలేదు. 2002లో నోట్లు మారినప్పుడు జర్మన్లు కూడా ఇలాగే భయపడి, యూరోను "టొయ్‌రో" అని, అంటే ఖరీదైన యూరో అని పిలిచారట, ఆ మాట ఆ ఏడాది అక్కడ అందరి నోళ్లలోనూ నానింది.

నా మాట ముందే చెప్పేస్తున్నాను, చేరడం మంచిదే అనుకుంటున్నాను. కాదనేవాళ్లు కారణం చెప్పండి, వింటాను.

పెన్నాగట్టు:

అన్నా, నేను కాదనే అంటాను. ధరల భయం చిన్న విషయం, అది ఆర్నెల్లలో సర్దుకుంటుంది. అసలు సంగతి వేరే ఉంది.

సొంత కరెన్సీ ఉన్న దేశానికి కష్టం వచ్చినప్పుడు రెండు ఆయుధాలుంటాయి. వడ్డీ రేటు తగ్గించవచ్చు, కరెన్సీ విలువ పడనివ్వవచ్చు. విలువ పడితే దిగుమతులు ప్రియమవుతాయి, ఎగుమతులు చవకవుతాయి, నొప్పి దేశమంతా కొంచెం కొంచెంగా పంచుకుంటుంది. యూరోలో చేరగానే ఆ రెండూ ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు చేతికి పోతాయి. ఇక మిగిలేది జీతాలు కోయడం, పెన్షన్లు కోయడం, పన్నులు పెంచడం. గ్రీస్‌లో జరిగింది ఇదే. 2010 మే నెలలో 110 బిలియన్ యూరోల సాయం ఇచ్చారు, దాంట్లో చాలా భాగం పాత అప్పుల వాళ్లకే తిరిగి పోయింది, ఆ అప్పులిచ్చిన వాళ్లలో జర్మన్, ఫ్రెంచ్ బ్యాంకులు కూడా ఉన్నాయి. జనానికి మిగిలింది కోతలు. దేశ ఆదాయం నాలుగో వంతు కరిగిపోయింది, 2013 నాటికి ప్రతి నలుగురిలో ఒకరికి పైగా పనిలేదు, కుర్రాళ్లలోనైతే సగానికి పైగా.

గ్రీస్ దొంగలెక్కలు చూపించింది కదా అంటారు. నిజమే, చూపించింది. మరి స్పెయిన్? బడ్జెట్ లోటు దేశ ఆదాయంలో 3 శాతం లోపు, అప్పు 60 శాతం లోపు ఉండాలని యూరోకు పునాది వేసిన మాస్ట్రిక్ట్ ఒప్పందంలో రాసుకున్నారు. 2007లో స్పెయిన్ బడ్జెట్‌లో మిగులుంది, అప్పు 36 శాతమే. అంటే క్లాసులో బుద్ధిమంతుడైన పిల్లాడు. ఆరేళ్లు తిరిగేసరికి అక్కడ నిరుద్యోగం 26 శాతం. ఆ 3 శాతం గీతను 2003లో జర్మనీ, ఫ్రాన్స్ రెండూ దాటాయి, వాళ్ల మీద చర్యలు పక్కన పెట్టేశారు. చిన్నవాళ్లకొక న్యాయం, పెద్దవాళ్లకొక న్యాయం అనిపించదా?

2003 నుంచి 2005 చివరి దాకా సెంట్రల్ బ్యాంకు వడ్డీ 2 శాతం. అప్పుడు జర్మనీ నీరసంగా ఉంది, దానికి ఆ మందు సరిపోయింది. అదే సమయంలో ఐర్లండ్, స్పెయిన్ ఉరకలు వేస్తున్నాయి, అక్కడ ధరలు పెరిగే వేగం వడ్డీకంటే ఎక్కువ. అంటే అప్పు తీసుకోనివాడే నష్టపోయే పరిస్థితి. ఇళ్ల మీద ఇళ్లు కట్టారు. జలుబు ఉన్నవాడికీ జ్వరం ఉన్నవాడికీ ఒకే మాత్ర వేశారు, అంతే జరిగింది.

డబ్లిన్ తెనాలి:

ఐర్లండ్ పేరు వచ్చింది కాబట్టి నేను మాట్లాడాలి. 2006లో వచ్చాను ఇక్కడికి. నాతో వచ్చిన స్నేహితుడు 2007లో అపార్ట్‌మెంట్ కొన్నాడు, ఐదారేళ్లలో దాని విలువ సగానికి పడింది. వాడి టెన్షన్ దగ్గరుండి చూశాను, ఇల్లు అమ్మినా అప్పు తీరని పరిస్థితి.

కానీ పెన్నాగట్టు గారూ, వడ్డీ తక్కువ ఉంది కాబట్టి ఎవరికి పడితే వాళ్లకి, ఎంత పడితే అంత అప్పివ్వమని ఫ్రాంక్‌ఫర్ట్ చెప్పలేదు కదా. బ్యాంకులను కట్టడి చేయాల్సింది అప్పట్లో డబ్లిన్‌లో కూర్చున్నవాళ్లు, వాళ్లు చేయలేదు. 2008 సెప్టెంబర్‌లో బ్యాంకుల అప్పులన్నిటికీ మాది పూచీ అని రాత్రికి రాత్రి ప్రకటించింది కూడా డబ్లిన్ ప్రభుత్వమే. ఆ బరువే 2010 నవంబర్‌లో చెయ్యి చాచే దాకా తీసుకొచ్చింది. తర్వాత 2015లో ఇక్కడి సెంట్రల్ బ్యాంకు ఇంటి అప్పు ఏడాది ఆదాయానికి మూడున్నర రెట్లు దాటకూడదని రూలు పెట్టింది, మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకు 2023 నుంచి అది నాలుగు రెట్లు. ఈ రూలు 2003లోనే పెట్టి ఉంటే? యూరో ఏమీ అడ్డం కాదు దానికి.

సొంత కరెన్సీ ఉన్న ఐస్‌లాండ్‌ను కూడా చూడండి. 2008లో అక్కడి క్రోనా విలువ దాదాపు సగమైంది, విదేశీ కరెన్సీల్లో అప్పు తీసుకున్నవాళ్ల వాయిదాలు నెత్తిన పడ్డాయి, డబ్బు దేశం దాటకుండా పెట్టిన ఆంక్షలు 2017 దాకా పూర్తిగా తీయలేకపోయారు. తేరుకున్నారు, కాదనను. కానీ సొంత కరెన్సీ ఉంటే నొప్పి ఉండదన్నట్టు రాయకండి.

పెన్నాగట్టు:

నొప్పి ఉండదని నేననలేదు, పంచుకోబడుతుందన్నాను. ఐర్లండ్ లేచి నిలబడిందంటే అమెరికా కంపెనీలు అక్కడ ఉన్నాయి కాబట్టి. ప్రతి దేశానికీ ఆ అదృష్టం ఉండదు.

సోఫియాలో సీమోడు:

వడ్డీ రేటు చేతిలో నుంచి పోతుందంటున్నారు కానీ, బల్గేరియాకు అది ఉన్నదెప్పుడు? 1996లో ఇక్కడ బ్యాంకులు కుప్పకూలి, 1997 ఫిబ్రవరిలో ఒక్క నెలలోనే ధరలు రెట్టింపు దాటే స్థితి వచ్చింది. మా ఆఫీసులో వయసులో పెద్దవాళ్లు ఆ శీతాకాలం గురించి చెప్తుంటే గొంతు మారిపోతుంది, జీతం చేతికి అందగానే పరుగెత్తి నూనె, పిండి కొనేసేవాళ్లట. ఆ ఏడాది వేసవిలో లెవ్‌ను జర్మన్ మార్క్‌కు కట్టేశారు. ఖజానాలో ఉన్న విదేశీ డబ్బుకు మించి లెవ్‌లు అచ్చు వేయకూడదని చట్టం. మార్క్ యూరోలో కలిసిపోయినప్పుడు లెవ్ కూడా దాని వెంటే యూరోకు కట్టుబడింది. అందుకే ఆ 1.95583 అనే సంఖ్య, మార్క్‌ను యూరోలోకి మార్చిన రేటూ లెవ్‌ను మార్చిన రేటూ ఒకటే, చివరి అంకె దాకా.

అంటే 28 ఏళ్లుగా ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఏం నిర్ణయిస్తే అది ఇక్కడ నడిచింది, కానీ అక్కడ బల్గేరియాకు కుర్చీ లేదు. ఇప్పుడు బల్గేరియా జాతీయ బ్యాంకు గవర్నర్ ఆ బల్ల దగ్గర కూర్చుంటాడు. ఉన్నది పోగొట్టుకోలేదు, లేనిది వచ్చింది. వడ్డీ రేటు తమ చేతిలోనే ఉన్న పోలండ్‌కో చెక్ దేశానికో మీ వాదన సరిపోతుందేమో, ఇక్కడికి సరిపోదు.

లెక్కల మాస్టారు, ఏలూరు:

అందరూ బాగా రాస్తున్నారు. ముప్పై ఏళ్లు ఎకనామిక్స్ చెప్పినవాణ్ని, కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ఏయే ప్రాంతాలు ఒకే కరెన్సీ వాడితే మేలు అనే ప్రశ్నను 1961లో రాబర్ట్ మండెల్ అనే ఆర్థికవేత్త వేశాడు. పని లేని చోటు నుంచి పని ఉన్న చోటికి మనుషులు సులువుగా వెళ్లగలగాలి అన్నది ఆయన మాట. ఒకచోట దెబ్బ తగిలితే ఇంకోచోటి నుంచి డబ్బు ప్రవహించే ఏర్పాటు ఉండాలని తర్వాత వచ్చినవాళ్లు చేర్చారు.

మన రూపాయినే తీసుకోండి. రిజర్వ్ బ్యాంకు వడ్డీ రేటు హైదరాబాద్‌కూ శ్రీకాకుళానికీ ఒకటే. శ్రీకాకుళంలో పని దొరకకపోతే కుటుంబం సామాను సర్దుకుని హైదరాబాదో చెన్నైయో వెళ్తుంది. వర్షాలు లేక ఒక రాష్ట్రం ఆదాయం పడిపోయినా కేంద్ర పన్నుల్లో వాటా వస్తూనే ఉంటుంది. 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాలకు పంచమన్నది 41 శాతం. ఆ వాటాలు ఎవరికెంత అని దక్షిణాది రాష్ట్రాలకు కోపముంది, ఆ కోపంలో న్యాయమూ ఉంది, కానీ పంచే యంత్రం అంటూ ఒకటుంది.

యూరప్‌లో ఆ యంత్రం లేదు. యూరోపియన్ యూనియన్ బడ్జెట్ మొత్తం కలిపినా సభ్యదేశాల ఆదాయంలో ఒక శాతం చుట్టుపక్కలే ఉంటుంది. ఏథెన్స్‌లో ఉద్యోగం పోయినవాడికి బెర్లిన్ ఖజానా నుంచి భృతి రాదు. వాడు మ్యూనిక్ వెళ్దామన్నా భాష రావాలి. డబ్బు కలిపారు కానీ పొయ్యి కలపలేదు. మాస్ట్రిక్ట్‌లో 1992లో సంతకాలు పెట్టినప్పుడే ఈ లోటు చాలామందికి తెలుసు, డబ్బు కలిస్తే మిగతావి మెల్లగా కలుస్తాయిలే అనుకున్నారు. 28 ఏళ్ల తర్వాత, కోవిడ్ వచ్చాక, 2020 జులైలో మొదటిసారి అంత పెద్ద ఎత్తున అందరి పేరు మీదా కలిపి అప్పు చేసి 750 బిలియన్ యూరోల నిధి పెట్టారు. అందులో 390 బిలియన్లు తిరిగి కట్టక్కర్లేని సాయం. ఇటలీ, స్పెయిన్‌లకు దాంట్లో పెద్ద వాటా వచ్చింది. 2010లో అలాంటిది ఉండుంటే గ్రీస్ కథ వేరేగా ఉండేదని నేను గట్టిగా నమ్ముతాను.

కాబట్టి నా దృష్టిలో తప్పు ఒకే కరెన్సీలో లేదు, సగం కట్టి ఆపేసిన ఇంట్లో ఉంది.

వరంగల్ పిల్లోడు:

మాస్టారూ, ఒక డౌట్. 2015లో గ్రీస్ జనం ఓటు వేసి అప్పిచ్చేవాళ్లు పెట్టిన షరతులు వద్దన్నారు కదా, 61 శాతం మంది. మరి తమ పాత కరెన్సీ డ్రాక్మాకి ఎందుకు వెళ్లిపోలేదు?

లెక్కల మాస్టారు, ఏలూరు:

మంచి ప్రశ్న బాబూ. ముందుగా, ఆ ఓటు షరతుల మీద, యూరో మీద కాదు. యూరోలోనే ఉండాలని కోరుకున్నవాళ్లే అక్కడ ఎక్కువ. ఇక పరిస్థితి ఎలా ఉందంటే, ఓటుకు వారం ముందే బ్యాంకులు మూసేశారు, ఏటీఎంలో రోజుకు 60 యూరోలే. బ్యాంకులకు అత్యవసరంగా ఇచ్చే డబ్బును పెంచబోమని సెంట్రల్ బ్యాంకు చెప్పేసింది. డ్రాక్మాకి మారతారనే మాట బయటికి పొక్కితే చాలు, ఉన్న యూరోలన్నీ జనం పరుపుల కిందికో స్విస్ బ్యాంకుకో చేరేవి. పైగా అప్పులు యూరోల్లో, ఆదాయం డ్రాక్మాల్లో. డ్రాక్మా సగానికి పడితే అప్పు బరువు రెట్టింపు. అందుకే ఓటు వద్దన్నాక కూడా దాదాపు వారానికే ప్రభుత్వం కఠినమైన షరతులకు ఒప్పుకోవాల్సి వచ్చింది.

పెన్నాగట్టు:

మాస్టారూ, మీరు చెప్పింది నా వాదనకే బలం. లోపలికి వెళ్లడానికి తలుపుంది, బయటికి రావడానికి లేదు. అలాంటి ఇంట్లోకి, అదీ సగం కట్టిన ఇంట్లోకి, ఎందుకు వెళ్లమంటున్నారు?

2012 జులైలో యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు అప్పటి అధ్యక్షుడు మారియో ద్రాగి యూరోను కాపాడడానికి ఏమైనా చేస్తాం అన్నాడు, ఆ ఒక్క మాటతో ప్రభుత్వాల అప్పు పత్రాల (బాండ్ల) మార్కెట్ చల్లబడింది. అందరూ మెచ్చుకుంటారు, నేనూ మెచ్చుకుంటాను. కానీ అంతకు ముందు ఏడాదే, 2011లో, అదే బ్యాంకు రెండుసార్లు వడ్డీ పెంచింది, దక్షిణ దేశాలు మునిగిపోతున్న సమయంలో! ఎన్నిక కాని కొద్దిమంది సరైన మాట అనేదాకా కోట్లమంది ఎదురుచూడాలా?

విల్నియస్ నుంచి:

నేను లిథువేనియాలో ఉంటున్నాను. 2022లో ఇక్కడ ధరలు ఏడాదిలో 20 శాతానికి పైగా పెరిగాయి, ఫ్రాన్స్‌లో 6, 7 శాతమే. వడ్డీ రేటు మాత్రం ఇద్దరికీ ఒకటే. తర్వాత 2023 సెప్టెంబర్ కల్లా దాన్ని 4 శాతానికి తీసుకెళ్లారు. ఇక్కడ ఇంటి అప్పులన్నీ దాదాపు మారే వడ్డీ మీదే ఉంటాయి, మా ఓనర్ వాయిదా పెరిగింది, ఆ భారం అద్దెలో మా మీద పడింది. పెన్నాగట్టు అన్న చెప్పిన జలుబు, జ్వరం మాట నాకు పుస్తకంలో విషయం కాదు.

డబ్లిన్ తెనాలి:

మీ ఇబ్బంది నిజమే తల్లీ. కానీ ఆ రోజుల్లోనే సొంత కరెన్సీ ఉన్న హంగరీలో ఏం జరిగిందో కూడా చూడండి. 2023 జనవరిలో అక్కడ ద్రవ్యోల్బణం 25 శాతం దాటింది, వడ్డీలు మీ దగ్గరకంటే చాలా ఎక్కువ. 2003లో ఓటు వేసి యూరో వద్దనుకున్న స్వీడన్‌లో కూడా 10 శాతం దాటింది. గ్యాస్ ధర అందరినీ కొట్టింది.

పెన్నాగట్టు:

హంగరీ సంగతి ఒప్పుకుంటున్నాను, నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. సొంత కరెన్సీ ఉన్నా దాన్ని నడిపేవాళ్లు సరిగా ఉండాలి.

అయినా నా అభ్యంతరం పూర్తిగా పోలేదు. ఒక దేశంలో బ్యాంకు మునిగితే డిపాజిట్లకు అన్ని దేశాలూ కలిసి పూచీ ఉండే ఏర్పాటు ఇప్పటికీ లేదు. ఏళ్లుగా మాట్లాడుకుంటున్నారు, ముందుకు కదలదు. 2013లో సైప్రస్‌లో రెండు పెద్ద బ్యాంకుల్లో లక్ష యూరోలకు పైన దాచుకున్నవాళ్ల డబ్బు కోసేశారు. సీమ అన్నా, రేపు సోఫియాలో అలాంటిది వస్తే ఎవరు ఆదుకుంటారు? నాకు జవాబు కావాలి.

సోఫియాలో సీమోడు:

మొన్నటిదాకా అయితే, 2024లో బల్గేరియా అప్పు దేశ ఆదాయంలో దాదాపు నాలుగో వంతే కాబట్టి ప్రభుత్వమే ఆదుకోగలదు అని రాసేవాణ్ని. కానీ మీరు చెప్పిన స్పెయిన్ 36 శాతం చదివాక ఆ మాట అనలేకపోతున్నాను. ఇక్కడ ఇళ్ల ధరలు ఏడాదికి 15 శాతం దాకా పెరిగిన రోజులు ఈమధ్యే చూశాం. మా టీంలో ఇద్దరు కుర్రాళ్లు ఇప్పుడే కొనకపోతే ఇక కొనలేమని పరుగెత్తి అప్పు తీసుకున్నారు. తెనాలి గారి స్నేహితుడు 2007లో అనుకున్నది కూడా ఇదే అయ్యుంటుంది.

ఒక్కటి మాత్రం ఉంది. 2024 అక్టోబర్ నుంచి ఇక్కడి జాతీయ బ్యాంకు ఇంటి విలువలో 85 శాతానికి మించి అప్పు ఇవ్వొద్దని, వాయిదాలు ఆదాయంలో సగం దాటొద్దని రూలు పెట్టింది. యూరో వచ్చినా ఆ రూలు సోఫియా చేతిలోనే ఉంది. చేరడం మంచిదే అని ఇప్పటికీ అంటాను, కానీ ఇళ్ల ధరలు ఇలాగే పరుగెడితే ఆ 85ని ఇంకా కిందికి దించే ధైర్యం వాళ్లకుందా అన్నదే నా భయం.