అత్తయ్యగారికి గుడ్డు కూడా పనికిరాదు – మాన్‌హటన్‌లో ఇటాలియన్ రెస్టారెంట్‌కి వెళ్తే ఏం ఆర్డర్ చేయాలి?

జెర్సీ కోడలు:
నమస్తే అండీ. మా అత్తయ్యగారు, మామయ్యగారు తెనాలి నుంచి వచ్చి నెల దాటింది. వచ్చే శనివారం ఎనిమిది గంటల బ్రాడ్‌వే షోకి టికెట్లు తీసుకున్నాం. ఆ ముందు టైమ్స్ స్క్వేర్ దగ్గర ఇటాలియన్ రెస్టారెంట్‌లో తినేసి వెళ్దామని అనుకున్నాం. ఖరీదైనది కాదు. ఒక్కో ప్లేటు ముగ్గురు నలుగురికి వచ్చేంత పెట్టి, అందరూ వడ్డించుకుని తినే రకం.

మామయ్యగారితో సమస్య లేదు, చికెన్ తింటారు. అత్తయ్యగారు పూర్తి శాకాహారి, గుడ్డు కూడా తినరు. వచ్చిన కొత్తలో ఒక చోటికి తీసుకెళ్లి మినెస్ట్రోనే సూప్ చెప్పాను. అన్నీ కూరగాయలే కదా అనుకున్నా. సగం గిన్నె అయ్యాక, అది చికెన్ బ్రాత్‌తో, అంటే కోడి ఉడికించిన నీళ్లతో, చేస్తామని సర్వర్ మాటల్లో తెలిసింది. అత్తయ్యగారు ఒక్క మాట అనలేదు. చెంచా తీసి పక్కన పెట్టేశారు. ఇంటికొచ్చి ఆ చలిలో రాత్రి పదింటికి తలస్నానం చేశారు. తిట్టినా బాగుండేది.

ఈసారి తప్పు జరగకూడదు. ఆవిడకి కాస్త కారం కూడా తగలాలి. టిప్ సంగతి కూడా చెప్పండి, మామయ్యగారు బిల్లు చూసి నన్నే లెక్క అడుగుతారు.

పాత సర్వర్:
అక్కా, క్వీన్స్‌లో ఇలాంటి రెస్టారెంట్‌లోనే మూడేళ్లు ప్లేట్లు మోశాను. సూప్ విషయంలో మీ తప్పేం లేదు, మెనూలో రాయరు. రిసోటో అనే అన్నం వంటకం కూడా అంతే, చాలాచోట్ల చికెన్ బ్రాత్ పోసే ఉడికిస్తారు. పాస్తా ఫజోల్ చూడ్డానికి బీన్స్ సూప్‌లా ఉంటుంది, అందులో పంది మాంసం ముక్కలు వేసేవాళ్లు ఎక్కువ. సీజర్ సలాడ్ డ్రెస్సింగ్‌లో ఆంకొవీ చేపలు ఉంటాయి, పైగా పచ్చి గుడ్డు.

ఇక అందరూ పడిపోయే చోటు ఎగ్‌ప్లాంట్ పార్మ్. వంకాయే కదా అని మనవాళ్లు కళ్లు మూసుకుని చెప్పేస్తారు. వంకాయ ముక్కని పిండిలో, తర్వాత గిలకొట్టిన గుడ్డులో, తర్వాత బ్రెడ్ పొడిలో ముంచి వేయిస్తారు. మా కిచెన్‌లో అయితే స్క్విడ్, చికెన్ వేయించిన నూనెలోనే అదీ వేగేది. నేను చూశాను కాబట్టి చెప్తున్నా.

ఎర్ర సాస్‌లో కూడా తేడా ఉంది. మరినారా అంటే టమాటా, వెల్లుల్లి, ఆలివ్ నూనె, అంతే. మెనూలో "సండే సాస్" అనో "గ్రేవీ" అనో ఉంటే దాని జోలికి వెళ్లొద్దు, అది మాంసం వేసి గంటల తరబడి ఉడికించినది. వోడ్కా సాస్‌లో పేరులో ఉన్నదే ఉంటుంది.

మీ అత్తయ్యగారికి నా లెక్కలో పెన్నే అరాబియాటా. అరాబియాటా అంటే ఇటాలియన్‌లో కోపం వచ్చినది అని. టమాటా సాస్‌లో ఎండుమిర్చి వేస్తారు. మనకి ఆ కోపం చాలదు, అందుకని "ఎక్స్‌ట్రా స్పైసీ" అనండి, చిల్లీ ఫ్లేక్స్ డబ్బా కూడా టేబుల్ మీదకి అడగండి. పెన్నే లాంటి ఎండు పాస్తా మామూలుగా గోధుమ రవ్వ, నీళ్లతోనే చేస్తారు. "ఫ్రెష్ పాస్తా", "హోమ్‌మేడ్" అని ఉంటే గుడ్డు కలిపారా అని అడగాలి.

అడిగే పద్ధతి ముఖ్యం. "వెజిటేరియనా?" అంటే యెస్ అనేస్తారు, వాళ్ల లెక్కలో మాంసం ముక్క లేకపోతే చాలు. "నో మీట్, నో ఫిష్, నో ఎగ్, నో చికెన్ బ్రాత్" అని విడివిడిగా చెప్పండి. అనుమానముంటే కిచెన్‌లో కనుక్కుని రమ్మనండి. మేమెవరం విసుక్కునేవాళ్లం కాదు. శనివారం రాత్రి ఏడింటికి అడిగితే మాత్రం చెప్పలేను. షో జనం తగ్గరు, ఐదున్నరకే కూర్చోండి.

ఇడ్లీ ఏకాంబరం:
ఇంత టెన్షన్ ఎందుకండీ? లెక్సింగ్టన్ అవెన్యూలో దోసె తినేసి షోకి వెళ్లండి.

జెర్సీ కోడలు:
@ఇడ్లీ ఏకాంబరం, దోసె రోజూ ఇంట్లోనే పోస్తున్నాను బాబూ. మామయ్యగారు "ఇటలీ వాళ్లు ఏం తింటారో అది" తినాలని పట్టు.

బ్రూక్లిన్ బాబాయ్:
అయితే మామయ్యగారికి ముందే చెప్పేయమ్మా, ఇటలీ వాళ్లు తినేది అక్కడ దొరకదు. 1880 నుంచి 1924 దాకా ఇటలీ దక్షిణం నుంచి, నేపుల్స్, సిసిలీ, కలాబ్రియా వైపు నుంచి లక్షల మంది పేదవాళ్లు ఇక్కడికొచ్చారు. అక్కడ మాంసం పండక్కే. ఇక్కడ కూలి డబ్బుతో వారం వారం కొనగలిగారు. స్పగెట్టీ మీద అంతేసి మాంసం ఉండలు, ప్లేటు నిండా చికెన్ పార్మ్ అలా పుట్టినవే. రోమ్‌లో ఆల్‌ఫ్రెడో పాస్తా అంటే వెన్న, చీజ్. దానికి క్రీమ్ తగిలించింది అమెరికా. నాకైతే ఇదే ఇష్టం, దాచుకోవడం దేనికి.

ఫ్యామిలీ స్టైల్ కావాలంటే 44వ వీధిలో కార్మైన్స్ ఉంది, థియేటర్లకి నడిచి వెళ్లొచ్చు. నలుగురికి రెండు పాస్తాలు, ఒక సలాడ్ చాలు, మూడోది చెప్పొద్దు. నీళ్లు అడిగితే "ట్యాప్ వాటర్" అనండి, లేకపోతే సీసా తెచ్చి బిల్లులో వేస్తారు.

టిప్ లెక్క: న్యూయార్క్ సిటీలో సేల్స్ టాక్స్ 8.875 శాతం. దాన్ని రెండింతలు చేస్తే పద్దెనిమిదికి దగ్గర. 120 డాలర్లు తింటే టాక్స్ 10.65, టిప్ 21.30. పై చిల్లర కలిపి 22 పెట్టేయండి. ఎక్కువమంది వెళ్తే గ్రాట్యుటీ అని టిప్ వాళ్లే బిల్లులో కలిపేస్తారు, చూసుకోకపోతే రెండుసార్లు ఇస్తారు. నేనిచ్చాను.

జెర్సీ కోడలు:
చీజ్ సంగతి కూడా ఎక్కడో చదివి భయం పట్టుకుంది. నిజమేనా?

పాత సర్వర్:
నిజమే అక్కా. అసలైన పార్మిజానో రెజ్జానో చీజ్‌లో పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ వాడాలి, అది వాళ్ల రూలు. పెకొరినో రొమానోకి గొర్రెపిల్లది. వద్దనుకుంటే "నో చీజ్" అనండి, అరాబియాటాకి చీజ్ లేకపోయినా లోటు తెలియదు.

జెర్సీ కోడలు:
వెళ్లొచ్చాం! ఐదున్నరకే కూర్చున్నాం. అరాబియాటా నో చీజ్, వెల్లుల్లి వేసి వేయించిన పాలకూర (బ్రాత్ వేయరని కనుక్కున్నాకే). అత్తయ్యగారు చిల్లీ ఫ్లేక్స్ డబ్బా తన ప్లేటు పక్కనే ఉంచేసుకున్నారు, మావారు అడిగినా ఇవ్వలేదు. మామయ్యగారి చికెన్ పార్మ్ సగం డబ్బాలో ఇంటికొచ్చింది. 22 డాలర్ల టిప్‌కి రూపాయల్లో లెక్క కట్టి, కాసేపు మాట్లాడలేదు.

చివర్లో డెజర్ట్ మెనూ ఇచ్చారు. నేను టిరమిసు బొమ్మ చూస్తుంటే, నెల రోజులుగా బయట ఎవరితోనూ ఇంగ్లీషు ముక్క మాట్లాడని మనిషి సర్వర్ వైపు తిరిగి, వేలు చూపించి "నో ఎగ్?" అన్నారు. ఆ అబ్బాయి గుడ్డు ఉందని చెప్పి, నిమ్మకాయ సోర్బెట్ తెచ్చిపెట్టాడు. అది మాత్రం ఎవరికీ పంచలేదు.