భీమవరం నుంచి బెంగళూరుకి ఫ్రోజెన్ మాంసం, రొయ్యలు కారులో తేవచ్చా?

కె.ఆర్.పురం నుంచి ప్రశ్న:
అందరికీ నమస్కారం. సంక్రాంతికి ఊరెళ్తున్నాం. వచ్చేటప్పుడు నాటుకోడి, పొట్టేలు మాంసం, చెరువు రొయ్యలు కలిపి పది కిలోల దాకా కట్టిస్తానంటున్నారు మా అత్తగారు. నెల్లూరు, చిత్తూరు మీదుగా పిల్లలతో ఆగుతూ వస్తే 14 గంటలు ఎటూ పడుతుంది. ఉప్పూ పసుపూ పట్టించి మధ్యమధ్యలో ఐస్ ముక్కలు వేసుకుంటే ఏమీ కాదని ఆవిడ ధీమా. మా ఆయనకి అస్సలు నమ్మకం లేదు. తెచ్చినవాళ్లుంటే చెప్పండి. "బెంగళూరులో మటన్ దొరకదా" అని మాత్రం అడక్కండి. ఆ మాట ఆవిడతో అనే ధైర్యం ఉంటే చెప్పండి, ఫోన్ కలిపిస్తాను.

మారతహళ్లి:
తేవచ్చండీ, మేం ఏటా తెస్తాం. కూరకి పట్టించే ఉప్పూ పసుపుతో మాత్రం మాంసం నిలవుండదు. రుచికి పట్టించుకోండి, దాని మీద భరోసా పెట్టుకోవద్దు. థర్మోకోల్ పెట్టెలోకి వెళ్లేటప్పటికే సరుకు రాయిలా గడ్డకట్టి ఉండాలి. పచ్చి మాంసం పెట్టి దారిలో ఐస్‌తో చల్లబరుద్దామంటే అవదు.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్:
ఇదివరకు రొయ్యల ప్లాంట్‌లో క్వాలిటీ చూసేవాణ్ణి, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను అక్కా.

అసలు పని బయల్దేరడానికి రెండు మూడు రోజుల ముందే మొదలవ్వాలి. ప్లాంట్‌లో సరుకుని గబగబా గడ్డకట్టించే బ్లాస్ట్ ఫ్రీజర్ మైనస్ 40 దగ్గర నడుస్తుంది, ఇంటి ఫ్రిజ్ మైనస్ 18 అందుకుంటే గొప్ప. అందులో పది కిలోలు ఒకేసారి కుక్కితే బయట గట్టిపడి లోపల మెత్తగానే ఉండిపోతుంది. కోసిన మాంసాన్ని కడిగి, నీళ్లు వాడ్చి, ముందు కింద ఫ్రిజ్‌లో చల్లబడనివ్వండి. తర్వాత కిలో చొప్పున మందపాటి కవర్లలో, రెండు అంగుళాల మందం దాటకుండా పలకల్లా పరిచి, విడతలుగా ఫ్రీజర్‌లో పెట్టమనండి. పలకలైతే తొందరగా గడ్డకడతాయి, పెట్టెలో ఒకదాని మీద ఒకటి సందు లేకుండా కూర్చుంటాయి. రొయ్యలకి తలలు తీసేసి, డబ్బాలో మునిగేదాకా నీళ్లు పోసి బ్లాకుగా కట్టించండి. గాలి తగలదు, ఎండిపోవు.

పెట్టె విషయానికొస్తే, మందులషాపుల వాళ్లకి సరుకొచ్చే థర్మోకోల్ పెట్టెలు శుభ్రంగా ఉంటాయి. గోడ మందం చూడండి. అంగుళం గోడ కంటే రెండు అంగుళాల గోడలోంచి లోపలికొచ్చే వేడి సగమే. మాంసం పట్టగా మిగిలిన చోటు ఖాళీగా వదలొద్దు, గడ్డకట్టిన నీళ్ల సీసాలతో నింపండి. పైవరసలో సీసాలు తప్పకుండా ఉండాలి, చల్లగాలి కిందికే దిగుతుంది కదా.

సీసాల్లో ఒక చిట్కా ఉంది. లీటరు నీళ్లకి 100 గ్రాముల ఉప్పు కలిపితే ఆ నీళ్లు మైనస్ 6 దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. కరిగేటప్పుడు కూడా సున్నా కంటే కింద కరుగుతుంది గనక మాంసం గట్టిగా నిలబడుతుంది. ఇంకా ఎక్కువ పోస్తే ఇంకా చల్లన అనుకోకండి, మరీ ఉప్పెక్కువైతే ఇంటి ఫ్రీజర్‌లో అసలు గడ్డే కట్టదు. సీసా నిండా పోయొద్దు, గడ్డకట్టాక నీరు దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతుంది.

మూత చుట్టూ టేపు వేసేశాక ఇల్లు చేరేదాకా తెరవొద్దు. ఒంగోల్లో ఒకసారి, తిరుపతిలో ఒకసారి మూత లేపి చూసే మేనమామలుంటారు, వాళ్లని డ్రైవింగ్ సీట్లో కూర్చోబెట్టండి.

వైట్‌ఫీల్డ్:
ఇంత తంటా ఎందుకు, డ్రై ఐస్ వేసేస్తే పోలా?

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్:
పిల్లలతో మూసిన కారులో వద్దన్నా. డ్రై ఐస్ అంటే మైనస్ 78 డిగ్రీల కార్బన్ డయాక్సైడ్. కరిగి నీళ్లవ్వదు, తిన్నగా గ్యాస్ అవుతుంది. ఏసీ వేసుకుని అద్దాలు ఎత్తేస్తే ఆ గ్యాస్ కారులోనే నిండి ముందు తలనొప్పి, మత్తు, తర్వాత ప్రాణం మీదికే వస్తుంది. పెట్టెకి గాలి పోయే దారి లేకపోతే పగులుతుంది, ఒట్టి చేత్తో పట్టుకుంటే చర్మం కాలినట్టవుతుంది. విమానంలో కూడా మనిషికి 2.5 కిలోలే, అదీ ఎయిర్‌లైన్ ఒప్పుకుంటేనే. 14 గంటలకి ఉప్పునీటి సీసాలు చాలు.

మడివాల:
మాకు కారు లేదు. బస్సు డిక్కీలో వేస్తే?

మారతహళ్లి:
వేయొచ్చు తమ్ముడూ, కానీ వెనక డిక్కీలో వద్దు. పెద్ద ఏసీ బస్సులకి ఇంజన్ వెనకే, ఆ పక్క వేడెక్కుతుంది. ముందు చక్రాల వైపు పెట్టించు. కవర్లు రెండు పొరలు వేసి, పెట్టె లోపల పాలిథీన్ పరిచెయ్యి. నీళ్లు కారి పక్కవాళ్ల బ్యాగు తడిస్తే సిల్క్ బోర్డ్ దగ్గర పంచాయితీ పెట్టాల్సొస్తుంది. మనిషి లేకుండా పార్సిల్ మాత్రం పంపొద్దు. ఒక ట్రావెల్స్ వాళ్లు మా పెట్టెని మధ్యాహ్నం దాకా ఆఫీసు గుమ్మంలో ఎండకి వదిలేశారు, మొత్తం పారేశాం.

కె.ఆర్.పురం:
ఇంటికొచ్చాక బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? వాసన చూస్తే చాలా?

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్:
చాలదక్కా. జబ్బు చేసే సూక్ష్మజీవులు వాసన రాకుండానే పెరుగుతాయి. కొన్ని వదిలే విషం ఉడికించినా పోదు. చేత్తో నొక్కి చూడండి. మధ్యలో గట్టిగా ఉండి మంచు పలుకులు కనబడితే నేరుగా ఫ్రీజర్‌లో పెట్టేయొచ్చు, కాస్త రసం పోతుందంతే. మెత్తబడినా ఫ్రిజ్‌లోంచి తీసినంత చల్లగా ఉంటే, అంటే 4 డిగ్రీల లోపు, ఆ రోజే వండేయండి. చల్లదనం పోయి రెండు గంటలు దాటితే పారేయాల్సిందే. 32 డిగ్రీలు దాటిన ఎండైతే గంటే లెక్క. పుల్లతో గుచ్చే డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి, వంటకీ పనికొస్తుంది.

అదీ లేదంటే చిన్న మూత డబ్బాలో సగానికి నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి మూతేసి, మాంసం మధ్యలో దూర్చండి. ఇంటికొచ్చాక బిళ్ల మంచు మీదే ఉంటే నిశ్చింత. మునిగిందంటే ఆ మంచు కరిగినట్టే, ప్రతి ప్యాకెట్టూ విడిగా చూసుకోవాలి.

కె.ఆర్.పురం:
చాలా థ్యాంక్స్ అండీ. ఇంకో చిక్కు, మాది సింగిల్ డోర్ ఫ్రిజ్.

మారతహళ్లి:
అయ్యో, ఆ ఐస్‌గదిలో పది కిలోలు ఎలా పడతాయమ్మా! ఇప్పుడే అందులోవన్నీ తీసి, కిలో పలకలు ఎన్ని పడతాయో ఖాళీ కవర్లు పెట్టి కొలుచుకోండి. అన్నే గడ్డకట్టించి తెచ్చుకోండి. మిగతాది అత్తగారి చేత నిలవపచ్చడి పెట్టించండి.