డేటా ఎన్‌క్రిప్షన్ రూల్స్ వాషింగ్టన్ పెట్టాలా, ఏ రాష్ట్రానికా రాష్ట్రం పెట్టుకోవాలా?

బ్రిడ్జ్‌కాల్_బాధితుడు (న్యూజెర్సీ):
అమెరికాలో డేటా భద్రతకు దేశమంతటికీ వర్తించే ఒకే చట్టం లేదు. ఆస్పత్రులకు హిపా, బ్యాంకులకు గ్రామ్-లీచ్-బ్లైలీ అనే కేంద్ర చట్టాలు ఉన్నాయి. మిగతా వ్యాపారాల మీద ప్రధానంగా రాష్ట్రాల చట్టాలదే పెత్తనం. ఆమధ్య మా క్లయింట్ ఉద్యోగి ఒకరి ల్యాప్‌టాప్ కారులోంచి పోయింది. డిస్క్ ఎన్‌క్రిప్ట్ చెయ్యలేదు, అంటే తాళంచెవి లేనివాళ్లు చదవలేకుండా డేటాను కోడ్‌గా మార్చలేదు. కస్టమర్ల పేర్లు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు అన్నీ అందులోనే. ఎవరిది ఏ రాష్ట్రమో విడదీసి ఎక్సెల్ షీట్ తయారుచేస్తూ కూర్చున్నాం. ఫ్లోరిడా, కొలరాడో వాళ్లకు మీ డేటా పోయిందని 30 రోజుల్లో ఉత్తరం రాసి చెప్పాలి, టెక్సస్ వాళ్లకు 60. ఉత్తరం దగ్గరికొచ్చేసరికి అసలు తమాషా మొదలైంది. ‘ఏం జరిగింది’ అని హెడ్డింగ్ పెట్టి మరీ రాయమంటుంది కాలిఫోర్నియా. మసాచుసెట్స్ చట్టమేమో డేటా ఎలా బయటికి పోయిందో ఉత్తరంలో రాయనే కూడదంటుంది! లాయర్ల బిల్లు చూసి మా మేనేజర్‌కు కళ్లు తిరిగాయి. ఈ 50 చట్టాల గోల ఆపి కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) ఒకటే చట్టం చెయ్యాలని నా వాదన. కాదనేవాళ్లు రండి.

ఫ్రేమింగ్‌హామ్_పక్కూరు (మసాచుసెట్స్):
నేనున్నా అన్నా. టీజేఎక్స్ అనే దుకాణాల కంపెనీ గుర్తుందా? హెడ్డాఫీసు మా పక్క ఊళ్లోనే. స్టోర్లలో వైఫైకి డబ్ల్యూఈపీ అనే పాత, బలహీనమైన ఎన్‌క్రిప్షన్ వాడారు. దొంగలు అందులోంచి దూరి, కంపెనీ 2007లో చెప్పిన లెక్క ప్రకారమే 4.57 కోట్ల కార్డుల వివరాలు ఎత్తుకుపోయారు. ఆ ఏడాదే మా రాష్ట్రం చట్టం చేసింది. 2010 మార్చి 1 నుంచి నిబంధనలు అమల్లోకి వచ్చాయి: మా రాష్ట్రం వాళ్ల వివరాలు ల్యాప్‌టాప్‌లో ఉంటే, సాంకేతికంగా వీలున్నంతవరకు ఎన్‌క్రిప్ట్ చెయ్యాల్సిందే, కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. మీ క్లయింట్ ఈ ఒక్క రూలు పాటించి ఉంటే ఎక్సెల్ షీటూ లేదు, లాయరూ లేడు. మరి ఇన్నేళ్లలో కాంగ్రెస్ చేసిందేంటి?

ఆడిట్_అక్క (డాలస్):
తమ్ముడి మాటకు ఇంకొకటి కలుపుతా. డేటా పోతే జనానికి చెప్పాలన్న చట్టం మొదట తెచ్చింది కాలిఫోర్నియానే, 2003 జులై నుంచి అమలైంది. 2005లో ఛాయిస్‌పాయింట్ అనే డేటా కంపెనీ లక్షకు పైగా మంది వివరాలు మోసగాళ్లకు అమ్మేసింది. ముందు ఉత్తరాలు వెళ్లింది మాత్రం కాలిఫోర్నియా వాళ్లకే. చట్టం అక్కడే ఉంది మరి! మిగతా రాష్ట్రాల అటార్నీ జనరళ్లు గొడవ చేశాక అందరికీ వెళ్లాయి. చివరిదైన అలబామా 2018లో చట్టం చేసేసరికి 50 రాష్ట్రాలూ పూర్తయ్యాయి.

బ్రిడ్జ్‌కాల్_బాధితుడు:
అక్కా, ఛాయిస్‌పాయింట్‌కీ ఎన్‌క్రిప్షన్‌కీ ఏం సంబంధం? దొంగలు కస్టమర్ల వేషంలో అకౌంట్లు తెరిచి దర్జాగా కొనుక్కున్నారు. ఎంత ఎన్‌క్రిప్ట్ చేసినా ఆగేది కాదు.

ఆడిట్_అక్క:
ఆ కేసులో లేదు, నిజమే. కానీ ఆ కాలిఫోర్నియా చట్టంలో కిటుకు చూడు. పోయిన డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే ఉత్తరం రాయక్కర్లేదు. ఏ అల్గారిదమ్ వాడాలో చెప్పలేదు, పరువు పోతుందన్న భయం మాత్రం పెట్టింది. నేను ఆడిట్‌కు వెళ్లినచోట డిస్క్ ఎన్‌క్రిప్షన్‌కు బడ్జెట్ ఇప్పించింది ఆ భయమే. 2020లో అమల్లోకి వచ్చిన వాళ్ల ప్రైవసీ చట్టం ఇంకో అడుగు వేసింది. ఎన్‌క్రిప్ట్ చెయ్యని వివరాలు నిర్లక్ష్యం వల్ల పోతే పరిహారానికి కోర్టుకెళ్లొచ్చు, 2020లో అది తలా 100 నుంచి 750 డాలర్లు. హిపా కింద ఎన్‌క్రిప్షన్ ‘అడ్రసబుల్’ కోవలోకి వస్తుంది. అంటే కుదరదనుకుంటే కారణం రాసిపెట్టి, వీలైతే వేరే ఏర్పాటు చేసుకోవచ్చు. కేంద్రం పెట్టే రూలు ఇలా ఉంటే నాకొద్దు.

బే_ఏరియా_బాబాయ్:
రాష్ట్రాలను మరీ మోసేస్తున్నారు. 2016 మొదట్లో మా కాలిఫోర్నియా అసెంబ్లీలోనే ఏబీ 1681 అని బిల్లు పెట్టారు. అమ్మే ప్రతి స్మార్ట్‌ఫోన్‌నూ కంపెనీ తెరవగలిగేలా ఉండాలట, లేదంటే ఫోనుకు 2,500 డాలర్ల జరిమానా. న్యూయార్క్‌లోనూ అలాంటిదే వచ్చింది. రెండూ పాస్ కాలేదు, బతికిపోయాం. పాసై ఉంటే? ఒక్క రాష్ట్రం కోసం ఆపిల్ వేరే ఫోను చేస్తుందా? అందరి ఫోన్లకూ చిల్లు పడేది. అందుకే టెడ్ లియు అనే మా కాంగ్రెస్ సభ్యుడు, ఎన్‌క్రిప్షన్ బలహీనం చెయ్యమనే అధికారం ఏ రాష్ట్రానికీ ఉండకూడదని బిల్లు పెట్టాడు. అదీ గట్టెక్కలేదనుకోండి.

కూకట్‌పల్లి_కుర్రాడు:
ఇండియా నుంచి ఒక మాట. మా దగ్గర పోలీసు రాష్ట్రాల సబ్జెక్టు, కమ్యూనికేషన్లు కేంద్రానివి. ఎన్‌క్రిప్షన్ పద్ధతులు నిర్ణయించే అధికారం ఐటీ చట్టం 84ఏ సెక్షన్ కింద కేంద్రానిదే. 2015 సెప్టెంబరులో వచ్చిన ముసాయిదా పాలసీలో, ఎన్‌క్రిప్ట్ చేసి పంపిన సమాచారం అసలు కాపీని మామూలు యూజర్లు కూడా 90 రోజులు దాచుకోవాలని రాశారు! గోల గోల అయితే వెనక్కి తీసుకున్నారు. అధికారం ఒక్కచోట ఉందని తెలివి కూడా అక్కడే ఉంటుందనుకోవద్దు అన్నా.

ఫ్రేమింగ్‌హామ్_పక్కూరు:
అందుకే నేననేది, రూలును రెండుగా విడగొట్టండి. ఉత్తరం ఫార్మాట్, గడువు వాషింగ్టన్ పెట్టనీ, నాకేం అభ్యంతరం లేదు. మసాచుసెట్స్ ఉత్తరం రూలు నాకూ అర్థం కాదు. భద్రత విషయంలో మాత్రం కనీస ప్రమాణం ఏంటో కేంద్రం చెప్పాలి, అంతకు మించి అడిగే హక్కు రాష్ట్రాలకు ఉండాలి. తగ్గించే హక్కు, తలుపు తెరిపించే హక్కు ఎవరికీ వద్దు.

బ్రిడ్జ్‌కాల్_బాధితుడు:
వినడానికి బాగుంది. కానీ ‘అంతకు మించి’ అన్నావంటే మళ్లీ 50 రకాలే కదా? కంపెనీలు ఒప్పుకోవు.

ఆడిట్_అక్క:
ఒప్పుకోకపోతే ఇలాగే ఉంటుంది. 2022లో దేశమంతటికీ ఒకే ప్రైవసీ చట్టం కోసం తెచ్చిన ఏడీపీపీఏ బిల్లు, కాంగ్రెస్ దిగువ సభ (హౌస్) కమిటీలో 53–2తో నెగ్గింది. తమ చట్టం నీరుగారుతుందని కాలిఫోర్నియా అడ్డం తిరిగింది, బిల్లు సభ ఓటింగ్‌కే రాలేదు. ఒకే చట్టం కావాలంటే అది కాలిఫోర్నియా కంటే గట్టిగా ఉండాలి బాబూ. మీ క్లయింట్‌ను అడుగు, దానికి సరేనంటారేమో.