వాడియాలు కట్టిన ఓడకు మరమ్మతు: నిలుపుకోవలసింది చెక్కనా, నమూనానా?

తెరచాప (చర్చను ప్రారంభించినవారు)

బొంబాయి రేవులో వాడియా అనే పార్సీ కుటుంబం కట్టిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక 1817 అక్టోబరు 12న జలప్రవేశం చేసింది. ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో 1990 నుంచి 2001 దాకా దానికి సమగ్రంగా మరమ్మతు చేశారు. అది నేటికీ నీటి మీద తేలుతూనే ఉంది. ఇలాంటి పాత చెక్క ఓడలను బాగుచేసేటప్పుడు వీలైనంత పాత చెక్కనే నిలపాలని ఒక పక్షం, పాడైన ప్రతి భాగాన్నీ తీసి అదే కొలతతో కొత్తది వేయాలని మరో పక్షం వాదిస్తున్నాయి. నేను రెండో పక్షం.

ఓడలు కట్టే ఏ కుటుంబమూ తాను బిగించిన పలక శాశ్వతమని భావించలేదు. లవ్జీ నస్సర్‌వాన్‌జీ వాడియా 1730ల మధ్యలో సూరత్ నుంచి బొంబాయికి వచ్చిన తర్వాత అక్కడ డ్రై డాక్‌లు (నీరు తోడేసి ఓడ అడుగును బాగుచేసే గోదాలు) కట్టించారంటే, ఓడల అడుగులు విప్పి పలకలు మార్చే పని ఎప్పుడూ ఉంటుందని తెలిసే కట్టించారు. నూట యాభై ఏళ్ల పాటు తండ్రి నుంచి కొడుక్కి అందుతూ వచ్చింది చేతిపనే. అందువల్ల కొత్త పలకను పాత పద్ధతిలో వేసిన ఓడ ఆ కుటుంబపు ఓడే అవుతుందని నా అభిప్రాయం.

పాతపలక

తెరచాప గారూ, మీ వాదన చాలా ఓడలకు చెల్లుతుంది కానీ, మీరు ఎంచుకున్న ఓడకే చెల్లదు. ట్రింకోమలీ నమూనా వాడియాలది కాదు. బ్రిటిష్ నౌకాదళం లీడా తరగతి ఫ్రిగేట్ల (మధ్యరకం యుద్ధనౌకల) కోసం తయారుచేసిన పటాలనే బొంబాయికి పంపింది. ఆ పటాలతో వస్తున్న జావా అనే ఓడను 1812 డిసెంబరులో బ్రెజిల్ తీరం దగ్గర అమెరికా ఓడ కాన్‌స్టిట్యూషన్ ఓడించి నాశనం చేయడంతో, మరో ప్రతిని పంపవలసి వచ్చింది. అంటే ఓడ వంపులు, కొలతలు, తెరచాపల అమరిక అన్నీ లండన్‌లో నిర్ణయమైనవే.

అలాంటప్పుడు జంషెడ్జీ బొమన్‌జీ వాడియా, ఆయన మనుషులు ఆ ఓడకు ఇచ్చిందేమిటి? ఏ టేకు దుంగ ఓడ అడుగున పొడవునా ఉండే వెన్నుదూలానికి పనికొస్తుంది, ఏ కొమ్మ వంపు ఓడ పక్కటెముకకు సహజంగా సరిపోతుంది, ఏ దుంగను పక్కన పెట్టాలి అనే ఎంపికను వారు ఇచ్చారు. ఆ చెక్కను బాడిశతో చెక్కి, ఒకదానికొకటి అతికించిన తీరును ఇచ్చారు. వెన్నుదూలం వేసేటప్పుడు పార్సీ ఆచారం ప్రకారం అందులో ఒక వెండి చీల దిగగొట్టారు. ఇవన్నీ చెక్కలోనే ఉన్నాయి తప్ప పటంలో లేవు. ఆ చెక్కను తీసేసి పటం ప్రకారం కొత్తది వేస్తే మిగిలేది నౌకాదళపు వాటా, పోయేది వాడియాల వాటా.

స్కాట్లండ్‌లోని ఫెయిర్లీలో ఫైఫ్ కుటుంబానిది వేరే సంగతి. అక్కడ మూడు తరాల పాటు గీసినవారూ కట్టినవారూ ఒకే ఇంటివారు. 1931లో వారు కట్టిన ఆల్టెయిర్ వంటి పడవలో కొన్ని పలకలు మారినా, దాని వంపులో వారి చెయ్యి కనిపిస్తూనే ఉంటుంది. కాబట్టి ఏది నిలపాలనే ప్రశ్నకు ముందు, ఆ కుటుంబం ఆ ఓడకు ఇచ్చిందేమిటో తేల్చుకోవాలి. అన్ని ఓడలకూ ఒకే సూత్రం పెట్టడం నాకు సోమరితనంగా కనిపిస్తుంది.

తెరచాప

పటాల విషయం నిజమే, అది నా వాదనకు ఇబ్బందే. అయినా ఒక మాట. జావాను నాశనం చేసిన ఆ కాన్‌స్టిట్యూషన్ కూడా ఇప్పటికీ తేలుతూనే ఉంది. 1797లో జలప్రవేశం చేసిన ఆ ఓడలో ఇప్పుడు మిగిలిన అసలు చెక్క చాలా తక్కువ. అయినా అది అసలు ఓడ కాదని ఎవరూ అనడం లేదు. పైగా దాన్ని తరచుగా విప్పి కట్టడం వల్లనే పెద్ద చెక్క ఓడల పని తెలిసిన వడ్రంగులు ఇంకా మిగిలారు. పాత చెక్కకు జిగురు పట్టించి కాపాడుకుంటూ కూర్చుంటే, రేపు బాడిశ పట్టుకోవడం ఎవరికి వస్తుంది?

ఉలి

ఇద్దరూ కలప గురించి మాట్లాడుతున్నారు కానీ, అది ఏ కలప అన్నది పట్టించుకోవడం లేదు. ఓక్‌లో ఉండే టానిన్ ఆమ్లం ఇనుప చీలలను తినేస్తుంది. తుప్పు పట్టిన చీల చుట్టూ చెక్క నల్లబడి మెత్తబడుతుంది. చీల వదులైతే అతుకు కదులుతుంది, కదిలిన అతుకులో నీరు చేరుతుంది. టేకులోని నూనె ఇనుమును అంతగా పాడుచేయదు, చెక్కకు చెద, బూజు త్వరగా పట్టనివ్వదు. అందుకే ఓక్ ఓడలను తరానికోసారి విప్పవలసి వచ్చింది, ట్రింకోమలీలో మాత్రం సగానికి పైగా అసలు కలపే నిలిచింది. కాన్‌స్టిట్యూషన్‌ను ఉదాహరణగా తెచ్చి టేకు ఓడకు అదే పద్ధతి చెప్పడం సరికాదు.

చెక్క ఓడకు అసలు శత్రువు సముద్రపు ఉప్పునీరని చాలామంది అనుకుంటారు. ఉప్పు బూజును కొంత అడ్డుకుంటుంది. పైతట్టు (డెక్) సందుల్లోంచి దిగే వాననీరే పక్కటెముకల తలలను పుచ్చిస్తుంది. తలభాగం రెండు మూరలు పుచ్చితే పక్కటెముక మొత్తం తీయనక్కరలేదు. మంచి చెక్క తగిలేదాకా కోసి, ఏటవాలుగా పొడుగాటి అతుకు వేసి, కొత్త ముక్కను కలపవచ్చు. ఆ అతుకు సరిగ్గా కూర్చోవాలంటే కొత్త పక్కటెముక చెక్కడం కంటే ఎక్కువ నేర్పు కావాలి. పాత చెక్కను నిలిపితే చేతిపని పోతుందన్న తెరచాప గారి భయానికి నా అనుభవంలో ఆధారం కనిపించలేదు.

రేవుగట్టు

ఏ కాలపు ఓడను నిలపాలో ఎవరూ అడగలేదు. 1845 తర్వాత ట్రింకోమలీకి ఫిరంగుల సంఖ్య తగ్గించారు, వెనుక భాగాన్ని గుండ్రంగా మార్చారు, తరగతి కూడా మార్చారు. 1897లో నౌకాదళం అమ్మేసిన తర్వాత అది ఫుద్రాయాం అన్న పేరుతో పిల్లలకు శిక్షణనిచ్చే ఓడగా పనిచేసింది. 1817 నాటి రూపమే వాడియాల రూపమని పట్టుబడితే, ఆ వెనుక భాగాన్ని కూల్చాలి. అది ఇంగ్లండు వడ్రంగుల పనే కావచ్చు, కానీ దాన్ని కూల్చి ఊహతో కట్టే వెనుక భాగం మాత్రం ఎవరి పనీ కాదు.

గోదారిగట్టు

మన కోరంగిలో, తాళ్లరేవులో కూడా ఓడలు కట్టిన కుటుంబాలుండేవి. కోరంగిలో ఓడల మరమ్మతుకు డాక్ కూడా ఉండేది. 1839 తుపాను ఆ రేవును దెబ్బతీసింది, మిగిలిన పనిని మేట వేసిన ఇసుక మింగింది. అక్కడ చర్చించడానికి ఒక్క పలక కూడా మిగలలేదు. వాడియాల పేరు నిలవడానికి వారి నేర్పు ఎంత కారణమో, వారి ఓడలను బ్రిటిష్ నౌకాదళం కొని, లెక్కలు రాసిపెట్టుకోవడమూ అంతే కారణం. ఆ సంగతి మరచి కుటుంబ వారసత్వం గురించి గొప్పగా మాట్లాడడం నాకు ఇబ్బందిగా ఉంటుంది.

పాతపలక

గోదారిగట్టు గారు చెప్పింది నా వాదనకు బలాన్నే ఇస్తుంది. కాగితాలు లేని రేవుల ఓడలకు చెక్కే కాగితం. సూరత్ పనివారు పలకల అంచులను గాడి చెక్కి ఒకదానిలో ఒకటి కూర్చి, మధ్యలో దూది, గుగ్గిలం పెట్టేవారని పద్దెనిమిదో శతాబ్దపు యాత్రికులు రాశారు కాబట్టి మనకు తెలిసింది. ఎవరూ రాయని చోట అలాంటి అతుకును చూసి నేర్చుకోవాలంటే ఆ పలక ఉండాలి.

ఉలి గారి అతుకు పద్ధతికి నేను పూర్తిగా ఒప్పుకుంటాను, ఒక షరతుతో: కొత్త ముక్క మీద వేసిన సంవత్సరం చెక్కాలి, తీసిన ముక్కను పారేయకుండా దాని చోటు రాసి భద్రపరచాలి.

తెరచాప

తీసిన ముక్కలన్నీ భద్రపరచడానికి గోదాములు ఎవరు కడతారు? సంవత్సరం చెక్కడానికి నాకు అభ్యంతరం లేదు. నీటి మట్టానికి కింద బలం మోసే భాగం విషయంలో మాత్రం నా మాట మార్చుకోను. అనుమానం వచ్చిన పలకను అక్కడ ఉంచడానికి వీల్లేదు, అది లవ్జీ చేత్తో బిగించినదైనా సరే.