రెఫరీలు ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) టైటిల్‌ని తారుమారు చేయగలరా?

ప్రశ్న: 2002 లేకర్స్–కింగ్స్ సిరీస్ ఆరో మ్యాచ్ నాలుగో క్వార్టర్‌లో లేకర్స్‌కి ఏకంగా 27 ఫ్రీ త్రోలు (ఫౌల్‌కి బదులుగా, ఎవరూ అడ్డు రాకుండా వేసే షాట్లు)! ఏడు మ్యాచ్‌ల సిరీస్‌ని విజిల్ నిజంగా మార్చగలదా?

జవాబు 1: ఒక మ్యాచ్‌నైతే మార్చగలదు. ఫ్రీ త్రోలు లెక్కపెట్టి ఊరుకుంటే చాలదు, ఫౌల్ ఎవరి మీద పడిందో చూడాలి. ఆరు పడితే ఆటగాడు బయటికే. ఆ రోజు కింగ్స్ ఆటగాళ్లు డివాచ్, పొలార్డ్ ఇద్దరూ అలాగే పోయారు. లేకర్స్ ఆటగాడు షకీల్ ఓనీల్‌కి అడ్డు నిలిచే పొడగరులు వాళ్లే మరి. పైగా క్వార్టర్‌లో ఐదో టీమ్ ఫౌల్ నుంచి, షాట్ వేయకపోయినా ఫ్రీ త్రోలే. చివర్లో లేకర్స్ ఆటగాడు కోబీ మోచెయ్యి కింగ్స్ ఆటగాడు బిబీ ముఖానికి తగిలినా విజిల్ లేదు. లేకర్స్ 106–102తో గెలిచారు.

జవాబు 2: ఏడో మ్యాచ్ సంగతేంటి బ్రో? సొంతగడ్డ మీద 30 ఫ్రీ త్రోల్లో 14 పోగొట్టుకుని కింగ్స్ ఓవర్‌టైమ్‌లో ఓడారు. అదీ రెఫరీ ఖాతాలోనే రాస్తామా?

జవాబు 3: ఆరో మ్యాచ్‌ని రెఫరీలు కావాలనే లేకర్స్ వైపు తిప్పారని ఆరోపణ చేసింది డోనగీ, బెట్టింగ్ కేసులో 2008లో 15 నెలల శిక్ష పడిన రెఫరీ. ఆ మ్యాచ్‌లో ఆయన లేడు, ఆరోపణ రుజువూ కాలేదు. ఇప్పుడు కోచ్ ఛాలెంజ్ (రెఫరీ నిర్ణయాన్ని రీప్లేలో చూడమని కోచ్ అడగడం) ఉంది, కానీ చేతిలో టైమ్‌అవుట్ (ఆటని కాసేపు ఆపించే అవకాశం) మిగిలుండాలి. ఊదని ఫౌల్‌ని నేరుగా ఛాలెంజ్ చేయడం కుదరదు. బంతి ఎవరి నుంచి బయటికి పోయిందన్న ఛాలెంజ్‌లో పక్కనే ఫౌల్ కనబడితే తప్ప.